పలకల గుంత కాడ ఆగిన కారు

మార్కాపురం నుంచి కంభం పోయే దారిలో, ఊరు దాటగానే ఒక పాత పలకల గుంత ఉండేది. పొద్దు గూకాక దాని పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. పలకరాయి తవ్వుతుండగా పైనున్న చరియ విరిగిపడి యల్లయ్య అనే కూలీ అందులోనే ఉండిపోయాడని, శవాన్ని కూడా పైకి తీయలేకపోయారని చెప్పుకునేవారు. తర్వాత గుంతలో నీళ్లూరాయి, పని ఆగింది. ఒడ్డున ఒక రేకుల కొట్టం మాత్రం మిగిలింది.

ఆ కొట్టంలోనే నరసింహం తన బాడుగ కారును పెట్టించేవాడు. తెల్లదొరల ప్రభుత్వం నడుస్తున్న రోజులవి. చుట్టుపక్కల బాడుగకు దొరికే కారు అదొక్కటే. దాన్ని నడిపేవాడు ఏబేలు.

కొన్నాళ్లుగా ఆ కారు తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటోంది. సాయంత్రం బాగానే వచ్చి నిలుస్తుంది. పొద్దున స్టార్టరు నొక్కితే — ఉలుకూ పలుకూ ఉండదు. కారు ముందు భాగంలో హ్యాండిలు పెట్టి, భుజాలు పడిపోయేదాకా తిప్పినా ఫలితం లేదు. బ్యాటరీలో చుక్క కరెంటు లేనప్పుడు ఇంజనుకు నిప్పురవ్వ ఎక్కడిది?

రోజూ ఆ బ్యాటరీ బరువును బస్సుల షెడ్డుకు మోయడం, ఛార్జింగు పెట్టించడం, మళ్లీ మోసుకురావడం... ఏబేలు అలసిపోయాడు. ఆ అలసట ఒంటిది మాత్రమే కాదు. ఇంట్లో భార్య హన్నాకు నెలలు నిండాయి.

“బిడ్డ అడ్డం తిరిగుండాది నాయనా,” అని మంత్రసాని ఎలీషబా ముందే చెప్పింది. “నొప్పులొస్తే నా చేతిలో ఉండదు. కంభం ఆసుపత్రికి తీసకపోవాల్సిందే. ఆ కారేదో సిద్ధంగా పెట్టుకో.”

షెడ్డులో మెకానిక్కు బ్రహ్మం అతన్ని చూసి నవ్వాడు.

“ఏబేలన్నా, మీ గుంత యల్లయ్య కల్లు మానేసి కరెంటు తాగుతాండాడంట గదా.”

“తాగనీలేరా. నా భార్యకు నొప్పులొచ్చే రోజు తాగకుంటే చాలు.”

బ్రహ్మం నవ్వు ఆపేశాడు. కొట్టానికి వచ్చి కారును తానే చూశాడు. దీపాలన్నీ ఆర్పి, బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి, దాని కొసను మళ్లీ బ్యాటరీకి తాకించాడు. లోపల ఎక్కడైనా కరెంటు కారిపోతుంటే అక్కడ చిన్న రవ్వ రాలాలి. రాలలేదు. హారను, డైనమో, దీపాల తీగలు... అన్నీ వరసగా చూశారు. దేనిలోనూ తప్పు లేదు.

“పగలు దొంగ లేడన్నా,” గొంతు తగ్గించాడు బ్రహ్మం. “వస్తే రాత్రే వస్తాండాడు. పొద్దు గూకినాక ఈ తీగ ఊడదీసి పో.”

“ఊడదీస్తే బ్యాటరీ నిలుస్తాది. దీంట్లో ఏముండాదో తెలీకుండా హన్నాను ఎట్ల ఎక్కించేదిరా?”

ఆ రాత్రి ఏబేలు కొట్టంలోనే, విరిగిన పలకల గుట్ట వెనక కూర్చున్నాడు. గుంతలో కప్ప దూకినా గుండె జారేది. ఎంత బిగబట్టినా, పగటి అలసట కన్ను మూయించింది...

తెరిచేసరికి — కారులో వెలుతురు.

పసుపుపచ్చని, నీరసమైన వెలుతురు. తలుపులు మూసే ఉన్నాయి. అద్దం అవతల బూడిద రంగు తల ఒకటి వెనక సీటు మీదికి వంగి ఉంది. ఎవరితోనో మాట్లాడుతోంది... గుసగుసగా.

ఏబేలు లేచాడు. ప్రభువును తలుచుకుంటూ ముందుకు నడిచాడు. తలుపు పట్టి లాగాడు.

“మెల్లగా నాయనా...” అంది లోపలి మనిషి.

మాలకొండమ్మ. గుంత అవతల గుడిసెలో ఉండి, పలకలు అరగదీసే ముసలామె. తల నిండా రాతి దుమ్ము. మొన్న అమావాస్య తర్వాత ఆమె కూతురు సావిత్రమ్మను పురిటి నొప్పులతో ఇదే కారులో కంభం తీసుకుపోయాడు ఏబేలు. ఆసుపత్రి చేరలేదు. దారిలోనే, ఈ సీటు మీదనే, ప్రాణం పోయింది. కారు మొరాయించింది ఆ మరునాటి నుంచే. ఆ రెండింటినీ కలిపి తలుచుకునే ధైర్యం అతనికి లేకపోయింది.

“ఈ పొద్దుకాడ ఇక్కడేందమ్మా?”

“ప్రాణం పోయిన కాడ దీపం పెట్టాల గదా. ఇంట్లో పెడితే దానికి తోవ ఎట్ల తెలుస్తాది? నూనె దీపం పెడితే నీ బండి అంటుకుంటాదని... దీంట్లో ఉండేదే వేస్తాండా. దాని ముఖం చూసుకోమని ఆ పొద్దు నువ్వే వేసినావు గదా, మీట ఎక్కడుండాదో చూసినా. పోయేటప్పుడు మీట మళ్లా ఎప్పట్లాగే తిప్పి పోతాండా.”

ఏబేలు నీరసిస్తున్న ఆ దీపం వైపు చూశాడు.

“అయినా నిలవదు నాయనా. తెల్లారకముందే కొడిగట్టి ఆరిపోతాది. నా బిడ్డ చీకట్లో ఉండాది.”

“ఈ సీటు మెత్త ఊడి వస్తాదమ్మా,” అన్నాడు అతను దాని మీద చెయ్యి వేసి. “కొట్టంలో మూలన పరుస్తా. పెద్దదినం దాకా దాని కాడ నూనె దీపం పెట్టుకో.”

ఆ తర్వాత కారు ఏనాడూ మొరాయించలేదు. హన్నాకు నొప్పులొచ్చిన రాత్రి స్టార్టరు ఒక్కసారి నొక్కగానే పలికింది. మెత్త లేని వట్టి చెక్కల మీద బొంతలు పరిచి పడుకోబెట్టాడు. తల్లీబిడ్డా ఇద్దరూ క్షేమంగా ఇల్లు చేరారు. చెప్పేవాళ్లు చాలామంది కథను ఇక్కడే ఆపుతారు.

బ్రహ్మానికి మాత్రం ఏబేలు ఇంకో మాట చెప్పాడట.

కారు కడిగేటప్పుడు ఆ మెత్తను అతను ఒంటిచేత్తో లేపి అవతల పెట్టేవాడు. మాలకొండమ్మను చూసిన ఆ రాత్రి మాత్రం రెండు చేతులా ఎత్తినా — అది కదల్లేదు.

“అమ్మా... ఆ కొస పట్టు,” అన్నాడు.

మాలకొండమ్మ వంగి పట్టుకుంది. ఇద్దరూ కలిసి లేపారు.

“బిడ్డ తల నీ దిక్కుండాది నాయనా,” అంది ఆమె. “జాగ్రత్త.”