ఐదు బజ్జీల ఉపవాసం

ఆ వానే రాకపోతే విజయ్ పాల్ దొరికేవాడు కాదు.

మార్చిలో ఈ వానేంటని విసుక్కుంటూ ఆశాజ్యోతి సైకిలు దిగి, ద్రాక్షారామం రోడ్డు మలుపులో తలుపులమ్మ బజ్జీల బండికి కట్టిన టార్పాలిన్ కిందకి దూరింది. అక్కడ ఒక మనిషి రోడ్డుకి వీపు తిప్పి, బుగ్గలు రెండూ ఉబ్బించుకుని, మిరపకాయ బజ్జీతో కుస్తీ పడుతున్నాడు.

"ఇంకోటేయనా బాబూ? ఐదే కదా తిన్నారు!" అంది తలుపులమ్మ ప్రేమగా.

వద్దని చెయ్యి ఊపుతూ అతను ఇటు తిరిగాడు. ఆశని చూశాడు. నోట్లోది మింగలేక, ఉమ్మలేక బిగుసుకుపోయాడు.

"నీళ్ళు తాగండి విజయ్ గారూ. ఉపవాసంలో పొలమారితే ప్రమాదం," అంది ఆశ.

పన్నెండు రోజుల క్రితం, ఈస్టరు ముందు ఉపవాసాలు మొదలయ్యే భస్మ బుధవారం ఆరాధన అయ్యాక, రామచంద్రపురం చర్చిలో లేచి నిలబడి, "ఈ నలభై రోజులూ సూర్యుడు దిగేదాకా మంచినీళ్ళు తప్ప మరేదీ ముట్టను" అని ప్రకటించిన మహానుభావుడు ఇతనే. ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. మర్నాటి నుంచి గడ్డం మొలిచింది. నడకలో నీరసం వచ్చింది. కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకి ఎం.ఎస్. ఆఫీస్ నేర్పుతూ మధ్యమధ్య కళ్ళు మూసుకుంటున్నాడని కూడా ఊరంతా చెప్పుకున్నారు.

"అది కాదండీ ఆశ గారూ," అన్నాడు ఎలాగో మింగి. "మనం కృప కింద ఉన్నామండి. తింటే పోయేదీ, మానితే వచ్చేదీ కాదు కదండీ రక్షణ. క్రైస్తవుడికి స్వాతంత్ర్యం ఉందండి."

"ఉంది. ఆ బుధవారం అందరి ముందూ నిలబడ్డప్పుడు అది ఏ ఊరెళ్ళింది? నూనె వాసన తగిలేసరికి తిరిగొచ్చిందా?"

"మీతో మాట్లాడ్డం కష్టమండీ బాబూ."

"అయితే మానేయండి. మీ కడుపు ఎలాగూ మీ మాట వినదు, నోటినైనా కట్టుకోండి. నేనేమన్నా సరే, ఎదురు ఒక్క మాట అనకుండా ఈస్టరు దాకా ఉండండి చూద్దాం. ఉండలేరు!"

అతను ఏదో అనబోయాడు. ఆగాడు. తలూపి, వానలోనే తడుస్తూ వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ఆశ ఈ కథంతా నానమ్మ సూరమ్మకి అభినయించి మరీ చెప్పింది. సూరమ్మ నవ్వి నవ్వి దగ్గింది.

"పిచ్చిదానా, ఆ ఆకలంతా నీకోసమేనే. నిన్ను చేసుకుంటానని పాస్టరు గారి చేత అడిగించాడు. మీ నాన్నేమో, ఆత్మనిగ్రహం లేనివాడికి పిల్లనివ్వను, నలభై రోజులు ఉపవాసం ఉండి మంచి శుక్రవారం సాయంత్రం కనపడమన్నాడు. లేకపోతే కాకినాడ సంబంధం ఖాయమట."

ఆశకి ఒళ్ళు మండింది. తండ్రి శాంతికుమార్ హైస్కూల్ హెడ్‌మాస్టరు, సంఘ పెద్ద కూడా. కూతురి పెళ్ళికి కూడా పరీక్ష పెట్టాడన్నమాట! ఇక ఆ కాకినాడ అబ్బాయి ఏటా ఉపవాసం ఉంటాడు. ఎన్నో రోజు నడుస్తోందో వారానికో కార్డు రాసి తెలియజేస్తాడు కూడా.

"నేనేమైనా పోటీలో గెలిస్తే ఇచ్చే కప్పునా నానమ్మా? ఒకడు కార్డుల భక్తుడు, ఒకడు బజ్జీల భక్తుడు! శుక్రవారం రానీ. నాన్న ముందు ఎంత చక్కగా అబద్ధమాడతాడో చూసి, అప్పుడు చెప్తాను బజ్జీల సంగతి."

ఆ సంఘంలో ఆడవాళ్ళు వంట చేసిన ప్రతిసారీ దేవుడి పేర పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తారు. శనివారం శనివారం ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసే పని ఆశది. విజయ్ వాళ్ళింట్లో డబ్బా తెచ్చేది వాళ్ళమ్మ. ఆ వారం నుంచి విజయే తేవడం మొదలుపెట్టాడు.

"గడ్డం తీసేశారేం? భక్తి తీరిపోయిందా?" అంది మొదటి శనివారం.

అతను చిన్నగా నవ్వి బియ్యం పోశాడు.

"బుగ్గలు నిండాయే! ఉపవాసం వంటబట్టినట్టుంది," అంది రెండో శనివారం.

బియ్యం గింజ కింద పడకుండా సంచి మూతి పట్టుకున్నాడు. అంతే.

మూడో శనివారానికి ఆశ పొద్దున్నుంచీ ఒక మంచి మాట తయారు చేసుకుని వెళ్ళింది. గురి చూసి విసిరింది. పక్కింటివాళ్ళు కూడా నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. పెదవులు విడబోయి మళ్ళీ కలుసుకున్నాయి. సంచి మూతి కట్టి, సైకిలు వెనక పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు.

తిరిగొస్తుంటే దారి పొడవునా ఆశకి ఏదీ బాగోలేదు. కాలవ గట్టూ బాగోలేదు, గాలీ బాగోలేదు. అంత మంచి మాట వృథా అయినట్టుంది. వెనక్కెళ్ళి, "ఏదో ఒకటి అనండి, తిట్టనైనా తిట్టండి" అని అడగాలనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

"ఎందుకే ఆ మొహం?" అంది సూరమ్మ.

"ఏమన్నా పలకడు నానమ్మా."

"నోరు కట్టుకోమన్నది నువ్వేగా? కట్టుకున్నాడు. నువ్వు మాత్రం ఈ ఉపవాసాల రోజుల్లో మాంసం ముట్టలేదు గానీ, వారం వారం వెళ్ళి ఆ కుర్రాణ్ణి నంజుకు తినొస్తున్నావ్."

తర్వాతి శనివారం ఆశ తలొంచుకుని బియ్యం పట్టుకొచ్చింది.

మంచి శుక్రవారం పొద్దుగూకే వేళకి విజయ్ వచ్చాడు. శాంతికుమార్ వరండాలో కుర్చీ వేసుకుని, అచ్చం పరీక్ష పేపరు పంచేవాడిలా కూర్చున్నాడు. ఆశ తలుపు వెనక నిలబడింది. నెల క్రితం ఎదురు చూసిన అబద్ధమే ఇప్పుడు వస్తుందేమోనని భయంగా ఉంది.

"పూర్తయిందా?"

"లేదండి. పన్నెండో రోజునే తినేశానండి. మిరపకాయ బజ్జీలు. నాలుగు."

"ఐదు," అంది ఆశ, తలుపు వెనక నుంచి.

"ఐదండి," అని సవరించుకున్నాడు విజయ్. "ఒంట్లో బాగోక కాదండి. ఆకలేసింది, అంతే. ఆ తర్వాత ఉపవాసం ఉన్నట్టు నటించడం మానేశానండి."

శాంతికుమార్ కళ్ళజోడు తీశాడు. "నలభై రోజులు కడుపు కట్టుకోలేనివాడివి నలభై ఏళ్ళు కాపురం ఏం చేస్తావయ్యా? వెళ్ళు. కాకినాడకి ఉత్తరం రాసుకుంటాను."

"రాయకండి నాన్నా," అంటూ ఆశ బయటకి వచ్చింది. "నేను నలభై రోజులూ మాంసం మానేసి ఉపవాసం ఉన్నాను. నోటికొచ్చిన మాట మాత్రం ఒక్కటీ ఆపుకోలేదు. ఈయన్ని వీధిలో నిలబెట్టి నలుగురినీ నవ్వించాను. ఈయన నెల రోజుల్లో నన్ను ఒక్క మాట అనలేదు. కడుపు కట్టుకోలేదు నిజమే. నోరు కట్టుకున్నారు. నాకు ఈయనే కావాలి."

"అయితే ఇక నియమాలే అక్కర్లేదా? కృప ఉంది కదా అని ఎవడికి తోచినట్టు వాడు తిరగొచ్చా?"

మంచం మీంచి సూరమ్మ గొంతు లేచింది. "ఒరేయ్ శాంతీ! ఎన్ని రోజులు ఉపవాసం ఉన్నావని నీకు పాలిచ్చాన్రా?"

"అమ్మా, అది వేరు..."

"ఏం వేరు? పళ్ళొచ్చాక నన్ను కొరికేవాడివి. తప్పని నేర్పాను, నేర్చుకున్నావు. నేర్చుకునేదాకా పాలు మానేశానా? నువ్వు కొరకడం మానేసింది పాల కోసం కాదు, అమ్మనని తెలిసి."

హెడ్‌మాస్టరు గారు కళ్ళజోడు చాలాసేపు తుడిచారు. అంతసేపు తుడవాల్సిన మురికి దానికి లేదు.

"ఆదివారం చర్చికి రా, మాట్లాడదాం," అన్నారు చివరికి.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన అయింది. చర్చి ఆవరణలో తలుపులమ్మ మూకుడు పెట్టింది. ముందు రోజు ఆశ వెళ్ళి చెప్పొచ్చింది. నలభై రోజులు విజయవంతంగా ముగిశాయని కాకినాడ నుంచి వచ్చిన కార్డు శాంతికుమార్ టీ గ్లాసు కింద ఉంది. ఆయన మొదటి బజ్జీ తీసుకుని, కొరికి, "ఆ అబ్బాయికి పెట్టమ్మా," అన్నాడు.

ఆశ పళ్ళెం పట్టుకెళ్ళింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చాండీ?" అన్నాడు విజయ్.

"ఈస్టరు వచ్చిందిగా, మాట్లాడండి."

"మీరన్న ప్రతి మాటకీ ఒక జవాబు దాచుకున్నానండి. ఒక్కోటీ అదిరిపోతుంది."

"చెప్పండి మరి. పడతాను."

అతను ఆమె మొహంలోకి చూశాడు. అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"మర్చిపోయానండి."

ఆశ పళ్ళెం అతని చేతిలో పెట్టింది.

"తినండి. ఈసారి లెక్కపెట్టను."