పదో గదికెళ్లిన ఆక్సీమీటరు

రాజాం రోడ్డులో జీడితోటల మధ్య కట్టిన ఆ కాలేజీని జనవరిలో మళ్లీ తెరిచారు. చైర్మన్ గారు మైకులో "ధైర్యంగా చదువుకోండి" అని చెప్పి, తాను మాత్రం రెండు మాస్కులు తగిలించుకుని కారెక్కారు. ఏప్రిల్ వచ్చేసరికి ఆడపిల్లల హాస్టల్లో తొమ్మిది మందికి కరోనా. ఇళ్లకు పంపితే ఊరంతా తెలుస్తుంది, తెలిస్తే కాలేజీ మూతపడుతుంది. అందుకని తొమ్మిది మందినీ మూడో అంతస్తుకి ఎక్కించి, గదికొకరిని పెట్టి, మెట్ల దగ్గర గ్రిల్లుకి తాళం వేశారు. "వైరల్ ఫీవరని చెప్పండి ఇంట్లో," అంది వార్డెన్ త్రిపురసుందరి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

అంతస్తుకంతా ఒక్కటే ఆక్సీమీటరు. దానికో పద్ధతి ఏర్పడింది. పొద్దుటా సాయంత్రం ఒకటో గది అమ్మాయి దాన్ని వేలికి పెట్టుకుని, అంకె పుస్తకంలో రాసి, శానిటైజరుతో తుడవాలి. పుస్తకంతో సహా బేసిన్‌లో పెట్టి పక్క గది ముందు ఉంచి, తలుపు రెండుసార్లు కొట్టి, అవతలి మనిషి తీసేలోగా వెనక్కి వెళ్లిపోవాలి. అలా గడపగడపా తిరిగి తొమ్మిదో గదికి చేరాక, ఆ గదిలోని యమున దాన్ని గ్రిల్లు దగ్గర బల్ల మీద పెట్టాలి.

యమునది కోటబొమ్మాళి దగ్గర పల్లె, వరి పండించే ఇంటి పిల్ల. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆరో గదిలో ఉన్న సంహిత ఆమె స్నేహితురాలు, రామతీర్థంలో గుడిసేవ చేసుకునే వాళ్లమ్మాయి. మూడేళ్లుగా ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం.

ఇక పదో గది. దానికెప్పుడూ తాళమే. కిందటి సెప్టెంబరులో పరీక్షలు రాయడానికొచ్చిన పద్మకుమారి అనే ఫైనలియర్ అమ్మాయి రాత్రంతా అందులో ఆయాసపడిందనీ, తెల్లారేసరికి మంచం ఖాళీగా ఉందనీ హాస్టల్లో గుసగుసలు. రిజిస్టరులో మాత్రం ఆమె ముందురోజే ఇంటికెళ్లినట్టు రాసి ఉంది. కాగితం ఏది రాస్తే అది మోస్తుంది పాపం.

ఆ సాయంత్రం గాలివాన పట్టుకుంది. ఐదున్నరకే చీకటి. కరెంటు పోయింది, ఫోన్లలో సిగ్నల్ పోయింది. కారిడారంతా ఫినాయిలు, తడిమట్టి, తోటల్లో రాలి కుళ్లుతున్న జీడిపళ్ల వాసన. యమునకి ఒళ్లు కాలిపోతోంది. ఆక్సీమీటరు వేలికి పెట్టుకుంది. తొంభై ఆరు. రాసింది, తుడిచింది. తర్వాత ఆ జ్వరంలో అందరూ చేసే పనే తానూ చేసేసింది. బేసిన్ పక్క గది ముందు పెట్టి, తలుపు రెండుసార్లు కొట్టి, వచ్చి పడుకుంది.

కాసేపటికి ఆరో గదిలోంచి పిలుపు. "యమునా..."

వెళ్లేసరికి సంహిత మంచం పట్టె పట్టుకుని వంగిపోయి ఉంది. ఫోన్ వెలుగులో పెదాలు నేరేడుపండు తిన్నట్టు నల్లబడి కనిపించాయి. "ఊపిరి అందట్లేదే," అంది, ఒక్కో మాటా ఏరుకుంటూ.

యమున గ్రిల్లు దగ్గరకి పరిగెత్తి అరిచింది. మెట్ల కింద టార్చి వెలిగింది.

"ఇప్పుడు రీడింగెంతమ్మా? తొంభైకి తగ్గితేనే వ్యాను పంపమన్నారు," అంది వార్డెన్ కిందనుంచే.

"మనిషి సస్తంటే రీడింగంటారేటి మేడమ్!"

"అంకె చెప్పు. నేను పైవాళ్లకి జవాబు చెప్పుకోవాలి."

యమున బల్ల తడిమింది. ఆక్సీమీటరు లేదు. అప్పుడు గుర్తొచ్చింది తాను చేసిన పని.

పదో గది ముందు బేసిన్ ఉంది. పుస్తకం ఉంది. ఆక్సీమీటరు లేదు.

తాళం వేసినట్టే ఉంది. పక్కన కారిడారు కిటికీకి ఒక అద్దం ఎప్పుడో పగిలిపోయింది. ఆ ఖాళీలోంచి, ఊచల వెనక... చిన్న ఎర్ర వెలుగు.

వేలు పెడితేనే వెలిగే వెలుగు అది.

వాన చప్పుడులో ఇంకో చప్పుడు. ఈల వేస్తున్నట్టు సన్నగా... లోపలికి... ఆగి... మళ్లీ లోపలికి. ఊపిరి బయటికి వదలడమే లేదు.

"ఎవులే నువ్వు?" అంది.

"నా అంకె..." గుసగుస. "రాయి..."

"రాస్తాను. ముందది ఇచ్చీ."

"నాకూ... ఇలాగే... ఎవరూ రాలేదు..."

వెనక ఆరో గదిలో అప్పటిదాకా వినిపిస్తున్న సంహిత దగ్గు ఆగిపోయింది. దగ్గు కన్నా ఆ నిశ్శబ్దానికే యమున గుండె జారింది.

"నీకెవరూ రానేదు. అది తప్పే. ఆ తప్పు సేసినోళ్లని వదల్ను. కానీ సంహితకి నేనున్నాను," అని, ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టేసింది.

తగిలింది. తడిగా... బావిగట్టు రాయంత చల్లగా... ఐదు వేళ్లు. యమున మణికట్టు పట్టుకున్నాయి. బిగిశాయి. ఎముక నొప్పెట్టింది.

"ఇచ్చీయే!" అని పళ్లు బిగించి లాగింది. "సచ్చినా సంహితని మాత్రం నీకివ్వను!"

పట్టు సడలింది. ఆక్సీమీటరు చేతిలోకి వచ్చింది. దాని మీద అంకె లేదు. రెండు గీతలు మాత్రం ఒకసారి వెలిగి ఆరాయి.

సంహిత వేలికి పెడితే ఎనభై మూడు. యమున గ్రిల్లు దగ్గర ఆ అంకెని అరిచి చెప్పింది. "పైవాళ్లని అడిగి చెప్తాను," అంది వార్డెన్.

ఇక చాలు. యమున అన్నం కంచం తీసి గ్రిల్లుకి మోదింది. మిగతా ఏడు గదుల తలుపులూ తెరుచుకున్నాయి. నిలబడగలిగిన ప్రతి పిల్లా కంచం పట్టుకుని రోడ్డు వైపు కిటికీలకి చేరింది. రాజాం బస్సు దిగినవాళ్లు ఆగారు, గేటు ముందు జనం పోగయ్యారు. పావుగంటలో తాళం తీశారు, వ్యానూ వచ్చింది. పైవాళ్లని అడగడానికి అప్పుడు మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు.

మర్నాడు మధ్యాహ్నం శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. సంహిత ఆక్సిజన్ మీద ఉంది, తొంభై నాలుగు. యమున తనివితీరా ఏడ్చింది. అప్పటికే ఆరోగ్యశాఖ డాక్టరు ఉదయభాస్కర్ రిజిస్టరు ముందేసుకుని మూడో అంతస్తులో పేర్లు రాసుకుంటున్నాడు.

"తొమ్మిది మంది. అంతే సార్," అంది వార్డెన్.

"అంతే కాదు," అంది యమున, మాస్కు సర్దుకుని. ఆమె మణికట్టు చుట్టూ నీలంగా కమిలిన ఐదు గుర్తులున్నాయి. "పదో గది తీయించండి. పద్మకుమారి, ఫైనలియరు. రాసుకోండి సార్."

తాళం పగలగొట్టారు. లోపల నేలంతా దుమ్ము పరుచుకుని ఉంది, ఒక్క అడుగు జాడ కూడా లేదు. పరుపు లేని ఇనుప మంచం. వెనకవైపు మూసిన అద్దాల కిటికీ. బయట రోళ్లు పగిలే ఎండ.

ఆ అద్దం మీద అరచేతంత మేర ఆవిరి పట్టి ఉంది. చూస్తుండగానే కాస్త తగ్గింది. మళ్లీ పెరిగింది. ఎవరో ముఖం ఆనించి ఊపిరి తీసి వదులుతున్నట్టు.

డాక్టరు గ్లవుజు చేత్తో తుడిచాడు. మళ్లీ పట్టింది. ఆయన వెనక్కి వచ్చి, పద్మకుమారి పేరు రాశాడు. వార్డెన్ గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది.

అప్పుడు ఆ ఆవిరి పక్కన ఇంకొకటి పట్టింది. కాస్త కిందగా మరొకటి... ఆ చివర ఇంకొకటి...

యమున గుమ్మం వదల్లేదు.

"పెన్ను మూయకండి సార్," అంది.