పన్నెండుకి...

"ఇరవై ఏడు పేర్లు," అన్నాడు డైరెక్టర్. "ఇరవై ఏడూ మనవాళ్ళవే. పద్నాలుగో పేరు ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు."

జలగ కుర్చీ వెనక నిలబడి దాని వీపు గట్టిగా పట్టుకున్నాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అసలు పేరుతో పిలిచి పన్నెండేళ్ళయింది. నడుస్తున్న ప్రోగ్రామ్‌కి అతుక్కుని, దానికే తెలియకుండా గుట్టంతా లాగడం అతని పని. అందుకే ఆ పేరు. పద్నాలుగో పేరు అతని చెల్లెలిది. సరిహద్దు అవతల, శత్రు ముఠా నాయకుడి ఆఫీసులోనే రెండేళ్ళుగా టైపిస్టు వేషంలో ఉంటోంది. ఆమెను డిపార్ట్‌మెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి దగ్గరుండి తీసుకొచ్చింది అతనే.

"లిస్టు నిన్ననే వాళ్ళ చేతికి చిక్కింది," డైరెక్టర్ గబగబా చెప్పుకుపోయాడు. "కాకపోతే దానికి రహస్య కోడ్‌తో తాళం వేసి ఉంది. తాళంచెవి ఇంకా ఈ ఊళ్ళోనే ఉంది. వాళ్ళదే ఒక పార్సిల్ కంపెనీ సర్వర్‌లో ఒక ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని కూర్చుంది. ఇవాళ పంపేస్తుంది. ఎన్నింటికో తెలీదు."

"ఆ ప్రోగ్రామ్‌ని చంపేస్తే?"

"దానికో కవల ఉంది. ఎక్కడుందో మనకి తెలీదు. మొదటిది నిమిషానికోసారి 'ఉన్నాను' అని దానికి కబురు పెడుతుంది. కబురు ఆగినా, వైరు పీకినా, తాళంచెవి ఫైలు ముట్టుకున్నా రెండోది పంపేస్తుంది."

"ఆ రెండోది ఎప్పుడు ఆగుతుంది మరి?"

"మొదటిది 'పంపేశాను' అంటేనే. అప్పుడు తన దగ్గరున్న తాళంచెవి చెరిపేసి అదీ పోతుంది."

"చెల్లిని బయటికి రమ్మందాం సార్. ఇప్పుడే."

"ఎలా? ఆమెతో మనకి మాట కలిసేది రోజుకొక్కసారి, సాయంత్రం ఆరింటికి. ఇప్పుడు పదీ పది." డైరెక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "లోపల నెమలి అనే ఆవిడ ఉంటుంది. నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం. నేనైతే సగం నమ్ముతాను."

పదకొండు గంటలకి పార్సిల్ కంపెనీ మూడో అంతస్తులో ఒక ఏసీ మెకానిక్ ప్రత్యక్షమయ్యాడు. నీలం యూనిఫాం, మోచేతుల దాకా గ్రీజు, భుజాన పనిముట్ల సంచి. అందులో గ్యాస్ ఒత్తిడి చూసే మీటర్ ఒకటుంది. దాని డయల్ మామూలు డయలే, కానీ అంచు తిప్పితే అడుగున చిన్న తెర వెలుగుతుంది. సంచి అడుగున చెయ్యి పెడితే కీబోర్డు తగులుతుంది. ఆ ఉదయం ఏసీని పాడుచేయించింది కూడా డిపార్ట్‌మెంటే కాబట్టి గుమ్మం దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు.

సర్వర్ గది ఉడికిపోతోంది. జలగ ఏసీ మూత విప్పి, చాటుగా వైరు తగిలించి, ఎస్‌ట్రేస్ నడిపాడు. అతని బతుకుతెరువంతా ఆ ఒక్క పనిముట్టులోనే ఉంది. ఎంత గడుసు ప్రోగ్రామ్ అయినా తనంతట తాను ఏమీ చెయ్యలేదు. ఫైలు తెరవాలన్నా, చదవాలన్నా, బయటికి ఒక్క ముక్క పంపాలన్నా కెర్నెల్ అనే గుమాస్తా దగ్గరికెళ్ళి కిటికీలో అర్జీ పెట్టుకోవాల్సిందే. ఆ అర్జీనే సిస్టమ్ కాల్ అంటారు. ఎస్‌ట్రేస్ ఆ కిటికీ పక్కనే నిలబడి, ఎవరేం అడిగారో, గుమాస్తా ఏం జవాబిచ్చాడో వరసగా రాసిపెడుతుంది.

తెర మీద ఒక్కటే ముక్క వచ్చింది: అనుమతి లేదు.

జలగ మళ్ళీ కొట్టాడు. అదే జవాబు. ఎవరో ముందే ఆ ప్రోగ్రామ్‌కి అతుక్కుని ఉన్నారు.

"ఫిల్టర్ కడిగి ఎన్నాళ్ళయింది?" అని వెనక నుంచి ఒక గొంతు.

"కడగడానికి నీళ్ళేవీ?" అన్నాడు జలగ, తల తిప్పకుండానే. సంకేతం కలిసింది.

నెమలి తలుపు దగ్గరగా వేసి లోపలికి వచ్చింది. ముదురు ఆకుపచ్చ కోటు, చెవులకి ముత్యాలు, ఆ ఉక్కలో కూడా చెదరని ముఖం. ముఠా దృష్టిలో ఆమె ఈ ఆఫీసు సెక్యూరిటీ ఆఫీసరు. మన దృష్టిలో మన మనిషి. రెండు వైపులా ఆమెను అనుమానించేవాళ్ళే.

"ఒక ప్రోగ్రామ్‌కి ఒక్క జలగే అతుక్కోగలదు కదండీ," అంది. "ఇంకెవరూ దగ్గరికి రాకుండా నన్ను కాపలా పెట్టారు. ఇప్పటిదాకా ఆ జలగని నేనే."

"అయితే ఊడి రండి."

ఆమె చిన్నగా నవ్వి, జేబులోంచి లిప్‌స్టిక్ తీసి దాని అడుగు నొక్కింది. జలగ మళ్ళీ కొడితే ఈసారి తెర మీద వరసలు జలజలా పారాయి. టైం పదకొండూ ఐదు.

"రౌండుకి వెళ్ళి వస్తా," అంది. "ఈ ప్రోగ్రామ్ రాసింది మా సూపర్‌వైజరే. మనిషి మెతగ్గా కనిపిస్తాడు గానీ, జాగ్రత్త."

పదకొండూ ఎనిమిదికి ప్రోగ్రామ్ మొదట తాళంచెవి ఫైలు చదివింది, తర్వాత ఆర్డర్ ఫైలు చదివింది. ఆర్డర్ వరసలో మాటలు లేవు, అన్నీ అంకెలే: 340, 260, 252, 340, 260, 250... ఇంకెవరైనా అయితే చెత్త అనుకుని వదిలేసేవారు. జలగకి మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. ఆ మూడు వందల నలభైలు, రెండు వందల అరవైలు అతనికి బాగా తెలుసు. తెలుగు అక్షరాలు మిషన్ లోపల వేసుకునే వేషం అదే. సూపర్‌వైజర్ పరాయివాళ్ళ కంట పడకుండా ఆర్డర్లు అచ్చ తెలుగులో రాసుకున్నాడు.

జలగ వేళ్ళ మీద లెక్కపెడుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. ప. న. కింద న ఒత్తు, ఎత్వం. సున్నా. డు. కి.

పన్నెండుకి.

అమ్మయ్య అనుకున్నాడు. యాభై నిమిషాలున్నాయి. పదకొండూ పద్దెనిమిదికి ప్రోగ్రామ్ మళ్ళీ అదే చదివింది, మళ్ళీ అదే మాట కనబడింది. పదినిమిషాలకోసారి చూసుకుంటోందన్న మాట. అతనికి గుండె కాస్త కుదుటపడింది. చెయ్యాల్సింది ముందే తోచింది. ప్రోగ్రామ్‌ని ఆపకూడదు, దానికి అబద్ధం చెప్పాలి. తాళంచెవి పంపమని కిటికీలో అర్జీ పెట్టగానే, ఎస్‌ట్రేస్ ఆ కాగితాన్ని మధ్యలోనే అందుకుని, గుమాస్తా దాకా పోనివ్వకుండా, 'పంపేశాం బాబూ, వెళ్ళు' అని తానే జవాబివ్వగలదు. ఇంజెక్షన్ అంటారు దాన్ని. కవలకి పెట్టే కబుర్లు వేరే రకం అర్జీ మీద మామూలుగా పోతూనే ఉంటాయి. తీరిగ్గా రాసుకుని పన్నెండుకి ఐదు నిమిషాల ముందు పెడదామనుకున్నాడు.

పదకొండూ ఇరవై ఆరుకి నెమలి తిరిగొచ్చింది. "ఎన్నింటికో తెలిసిందా?"

"పన్నెండుకి."

"పన్నెండుకి ఏంటి?"

"ఏంటంటే... పన్నెండుకి. అంతే."

"అంతేనా? పన్నెండుకి పంపుతుందా, పంపదా? పన్నెండుకి భోజనానికి లేస్తుందా? మాట సగంలో ఆపేస్తే ఎలాగండీ?"

జలగ తెర కేసి చూశాడు. వరస చివర, అంకెల తర్వాత మూడు చుక్కలున్నాయి.

ఎస్‌ట్రేస్ పని వచ్చిన ఎవడికైనా తెలిసిన సంగతే అది. ప్రత్యేకంగా చెప్పకపోతే అది ఏ మాటనైనా ముప్పై రెండు బైట్ల దగ్గర కత్తిరించి మూడు చుక్కలు పెడుతుంది. పన్నెండేళ్ళుగా ఇంగ్లీషులో రాసిన ప్రోగ్రామ్‌ల వెంట తిరిగాడు. ఇంగ్లీషులో అక్షరానికి ఒక్క బైటే, ముప్పై రెండు చాలా వరకు సరిపోయేవి. తెలుగులో అక్షరానికి మూడు, గుణింతానికి మూడు, పొల్లుకి మూడు. పన్నెండుకి అనేసరికి ముప్పై అయిపోయాయి. ఖాళీకి ఒకటి. తర్వాతి అక్షరంలో మూడో వంతు. అక్కడితో సరి. పైగా తెలుగువాడు చేస్తాడో చెయ్యడో వాక్యం చివరికి గానీ చెప్పడు. ఆ చివరే తను చూడలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషలో ఒక్క మాట చూసి సంబరపడి కూర్చున్నాడు.

"ఇరవై ఎనిమిదికి మళ్ళీ చదువుతుంది," అన్నాడు. ఎస్‌ట్రేస్‌ని విడిపించి, నాలుగు వందల బైట్లు చూపించమని చెప్పి మళ్ళీ అతికించాడు. చెల్లెలు ఈపాటికి ఆ ఆఫీసులో టైపు చేసుకుంటూ ఉంటుంది. తలుపు తెరుచుకుంటే ఎవరో ఫైలు తెచ్చారనుకుని నవ్వుతూ తలెత్తుతుంది. అతనికి ఆ తల ఎత్తడం కళ్ళముందు కనబడింది.

పదకొండూ ఇరవై ఎనిమిది. వరస మొత్తం వచ్చింది. ఈసారి చివరిదాకా కూడబలుక్కున్నాడు.

పన్నెండుకి పంపొద్దు. పదకొండున్నరకే పంపు.

"ఇంకా నిమిషం ముప్పావే ఉంది," అంది నెమలి. ఆమె ముఖం మొదటిసారి చెదిరింది.

జలగ సంచిలో చెయ్యి పెట్టి టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. సెండ్‌టు అనే అర్జీ వస్తే ఆపు, జవాబుగా... జవాబుగా ఎంత? అక్కడ ఆగిపోయాడు. గుమాస్తా ఊరికే 'సరే' అనడు, ఎన్ని బైట్లు పంపాడో అంకె చెబుతాడు. ఆ అంకె ఒక్కటి తేడా వచ్చినా ప్రోగ్రామ్ పసిగడుతుంది, కవలను లేపుతుంది. తాళంచెవి పొడుగెంత?

అప్పుడే తలుపు తెరుచుకుంది. సూపర్‌వైజర్. మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని చెమట తుడుచుకుంటున్నాడు.

"ఇంకా ఎంతసేపయ్యా? చచ్చిపోతున్నాం ఇక్కడ!"

"గ్యాస్ పడుతున్నా సార్. ఇప్పుడు కదిలిస్తే మొత్తం లీకవుతుంది."

సూపర్‌వైజర్ వెళ్ళలేదు. పక్కకే వచ్చి నిలబడ్డాడు. జలగ మీటరుని కాస్త తనవైపు వంచుకుని పాత వరసలు వెనక్కి తిప్పాడు. పదకొండూ ఎనిమిది. తాళంచెవి ఫైలు చదివిన వరస. మాటలు కత్తిరించినా ఎస్‌ట్రేస్ గుమాస్తా జవాబుని మాత్రం కత్తిరించదు. వరస కొసన ఆ అంకె నిక్షేపంలా ఉంది.

"ఎంత చూపిస్తోంది?" అని అడిగాడు సూపర్‌వైజర్, మెడ చాపి.

"రెండు వందల యాభై ఆరు సార్."

"ఎక్కువేమో?"

"ఒక్కటి ఎక్కువా కాదు, తక్కువా కాదు సార్. సరిగ్గా అంతే ఉండాలి," అంటూ జలగ సంచిలోపలే ఆ అంకె కొట్టాడు. ఒక వేలు జారింది. చెరిపి మళ్ళీ కొట్టాడు. సూపర్‌వైజర్ గోడ గడియారం వంక చూసి, అతనికి మాత్రమే తెలిసిన ఆనందంతో తువ్వాలు దులుపుకున్నాడు. పదకొండూ ఇరవై తొమ్మిదీ యాభై నాలుగు సెకన్లకి ఎస్‌ట్రేస్ మళ్ళీ అతుక్కుంది.

ఆరు సెకన్లు. జలగకి తెలిసిన దేవుళ్ళందరికీ ఒక్కో సెకను కూడా రాలేదు.

తెర కదిలింది. సెండ్‌టు. తాళంచెవి. గమ్యం, సరిహద్దు అవతలి అడ్రసు. జవాబు, రెండు వందల యాభై ఆరు. దాని పక్కనే ఎస్‌ట్రేస్ తన వంతుగా ఒక ముక్క చేర్చింది: ఇంజెక్టెడ్. అర్జీ గుమాస్తా దాకా పోలేదు.

ప్రోగ్రామ్ ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. కవలకి కబురు రాసింది: పంపేశాను. అటు నుంచి జవాబు వచ్చింది: చెరిపేశాను. ఆ తర్వాత తన దగ్గరున్నదీ తుడిచేసుకుని, సున్నా కోడుతో, అంటే ఏ లోపమూ లేకుండా పని ముగించానని చెప్పి, తృప్తిగా కన్నుమూసింది.

సూపర్‌వైజర్ జేబులో ఫోన్ మోగింది. స్క్రీన్ మీద 'పంపేశాను' అన్న మాట చూసుకుని పళ్ళన్నీ బయటపెట్టాడు. "మంచి కబురేనా సార్?" అంది నెమలి. "చాలా మంచి కబురు," అన్నాడు అతను, ఈల వేసుకుంటూ బయటికి నడుస్తూ.

తలుపు మూసుకున్నాక జలగ నేల మీద కూలబడ్డాడు.

"వాళ్ళు నన్ను అడుగుతారు," అంది నెమలి నెమ్మదిగా. "తాళంచెవి ఏమైందని."

"పంపిందనే చెప్పండి. ప్రోగ్రామూ అదే చెబుతోంది, సూపర్‌వైజరూ అదే చెబుతున్నాడు. ముగ్గురూ ఒకే మాట మీద ఉంటే ఎవరు కాదంటారు?"

ఆమె నవ్వలేదు. చెయ్యిచ్చి లేవనెత్తింది, కోటుకంటిన గ్రీజు వంక ఒకసారి చూసుకుని వెళ్ళిపోయింది. జలగ ఏసీని నిజంగానే బాగుచేసి బయటపడ్డాడు.

అక్కడి నుంచి ఆరింటి దాకా గడిచిన పొద్దు అతనికి జీవితంలో అన్నిటికన్నా పొడుగ్గా గడిచింది. డైరెక్టర్ గదిలో కూర్చుని ఎస్‌ట్రేస్ రాసిపెట్టిన లాగ్ నలభైసార్లు చదివాడు. మూడో ప్రోగ్రామ్ ఏదైనా ఉండి ఉంటే? తను చూడని చుక్కలు ఇంకెక్కడైనా ఉంటే? అన్నం తెచ్చిపెడితే ముట్టుకోలేదు. ఆరు దాటింది. ఆరూ రెండు. ఆరూ మూడు. తప్పంతా తనదేననీ, ఆ ఇంటర్వ్యూ రోజు ఆమెకి జ్వరమైనా రాలేదేమనీ గట్టిగానే ఏడ్చేశాడు. డైరెక్టర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆరూ నాలుగుకి కబుర్లు అచ్చేసే యంత్రం కటకటలాడింది. డైరెక్టర్ కాగితం చింపి, కళ్ళజోడు పెట్టుకుని, చివరి మాట దాకా ఒకసారి లోపల చదువుకుని, అప్పుడు పైకి చదివాడు.

"పద్నాలుగు నుంచి. ఇక్కడ అంతా క్షేమం. పొద్దున్నుంచి మా బాస్ ఏదో మెయిల్ కోసం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అవతలివాళ్ళు పంపేశామంటున్నారట, ఈయన రాలేదంటున్నాడు. మన మిషన్‌లోనే ఏదో లోపం ఉంది, సిస్టమ్ కాల్స్ అవీ చూడగలిగే మంచి మనిషి ఎవరైనా ఉంటే పిలిపించమని నాకు పురమాయించాడు. మా అన్నయ్య ఖాళీగా ఉన్నాడా?"