ఇరవై ఏడో గేటు

పల్నాడులో డిటెక్టివ్ అమర్నాథ్ ఒక్కసారి కూడా పొరబడి ఎరగడు. ఈ మాట గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నాను. ఆయన దగ్గర పనిచేసే నిరోష అయితే రెండు చేతులూ వేసుకుని చెబుతుంది.

ఆ ఉదయం నరసరావుపేటలోని ఆయన ఆఫీసు తలుపు తోసుకుని నిస్సీ వచ్చింది. గొర్రెబొచ్చును తడిపి, పిసికి, తల ఆకారపు కొయ్య దిమ్మె మీద అదిమి టోపీలు చేయడం, కాలే కరెంటు పెన్నుతో వాటి మీద బొమ్మలు కాల్చడం ఆమె పని. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"టోపీ మాయమైంది సార్. దాని జాగాలో ఇదుంది."

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. కొబ్బరికాయకు సరిపోయే టోపీ! చుట్టూ సాగర్ డ్యామ్ బొమ్మ, గేట్లతో సహా. నిరోష తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది.

"విజయపురి సౌత్‌లో డ్యామ్ గేట్ల దగ్గర పనిచేసే ఐజాక్ గారు ఈ సాయంత్రం రిటైరవుతున్నారు. ఆయన తలకు కొలిచి చేశా. టోపీలు చేసే గది తాళంచెవి నా దగ్గరా, బషీరున్నీసక్క దగ్గరా ఉంటది. పొద్దున అక్కను నిలదీసి తాళంచెవి లాగేసుకున్నా. నాలుగేళ్ళు నాతో బొచ్చు పిసికిన మనిషి సార్."

"అసలుది కాజేసి ఎవరో నకలు పెట్టారు" అన్నాడు అమర్నాథ్, రెప్ప వేయకుండా. నిరోష మురిసిపోతూ రాసుకుంది.

ముగ్గురూ నిస్సీ అద్దెకుండే ఇంటికి వెళ్ళారు. టోపీల గదీ అందులోనే. ఇంటి యజమాని చెన్నమ్మ అరుగు మీద కూర్చునుంది. తలకు నూనె కారుతోంది, బొడ్లో తాళాల గుత్తి గలగలలాడుతోంది.

"ఏందయ్యా, పోలీసులా? మంచినీళ్ళు తాగండి ముందు!"

గుమ్మం పక్కన బషీరున్నీసా కళ్ళు ఉబ్బి నిలబడి ఉంది.

"నిన్న ఎక్కడున్నావమ్మా?" అడిగాడు అమర్నాథ్.

"నడికుడిలో, మా చెల్లెలింట్లో. పొద్దున బస్సుకొచ్చా. బొచ్చు పిసకడమేగాని బొమ్మ కాల్చడం నాకేడ వచ్చు సార్? నకలెట్టా చేస్తా?"

నిరోష పెరట్లోకి తొంగిచూసింది. పొయ్యి మీద కాగు. పక్కనే పిసికి పారేసిన కుంకుడుకాయ తొక్కులు.

"తలంటు ఎవరికి పెద్దమ్మా?"

"ఎవరికీ లేదే!" అంది చెన్నమ్మ, గబుక్కున.

అమర్నాథ్ బుల్లి టోపీని వాసన చూశాడు. భూతద్దంతో గేట్లు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"సాగర్‌కు ఇరవై ఆరు గేట్లు. నువ్వెన్ని కాల్చావమ్మా?"

నిస్సీ నాలుక కరుచుకుంది. "ఇరవై ఏడు. లెక్క తప్పా. ఆ ఆఖరి గేటు దగ్గర పెన్ను జారి చిల్లు కూడా పడింది. లోపల నల్లబొచ్చు కుక్కి మూసేశా. ఎవరికీ చెప్పలా."

అమర్నాథ్ టోపీని తిరగేశాడు. ఇరవై ఏడో గేటు వెనక నల్లబొచ్చు ముక్క!

అందరినీ అరుగు మీదకు పిలిచాడు.

"పొద్దున నేను చెప్పింది తప్పు. ఇది నకలు కాదు, అసలుదే. నకలు చేసినవాడు గేట్లు చూసి కాల్చగలడు, కనపడని చిల్లుకు మాసిక వేయలేడు. దీనికి కుంకుడు వాసన కొడుతోంది. మరిగే నీళ్ళలో కుంకుడు రసం పోసి పిసికితే బొచ్చు ముడుచుకుపోతుంది. ఈ ఇంట్లో తలంటు లేదు, తొక్కులు మాత్రం ఉన్నాయి. గదికి మూడో తాళంచెవి ఇంటావిడ బొడ్లో ఉంది."

చెన్నమ్మ బావురుమంది.

"రాత్రి గదిలో ఆ కాలిన మరకలు చూసి పిల్ల టోపీ మాడ్చుకుందనుకున్నానయ్యా! ఐజాక్ గారితో తిట్లు పడతదని, సాకిరేవులో బట్టలాగా ఉతికితే పోతాయనుకున్నా. పిసికేకొద్దీ అది చిన్నదైపోతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. దిమ్మె మీద పెట్టేసి నోరు మూసుకున్నా."

నిస్సీ ఆ తాళంచెవి తీసి బషీరున్నీసా ముందు పట్టుకుంది.

బషీరున్నీసా తీసుకోలేదు. "ముందు ఐజాక్ గారికి ఫోను చెయ్. సాయంత్రానికి కాదు, నాలుగు రోజులాగమను. బొచ్చు నేను తడుపుతా. గేట్లు నువ్వు లెక్కపెట్టి కాల్చు." అప్పుడు తాళంచెవి కొంగున ముడేసుకుంది.

అమర్నాథ్ ఒక్కసారీ పొరబడలేదన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిరోష తీసుకోదు, ఆమె ఇష్టం. ఇంకొకటి: ఆ టోపీ కొబ్బరికాయకు సరిపోయేంత కుంచించుకుపోలేదు, అది నేను కల్పించాను. అయిదేళ్ళ పిల్లకు నిక్షేపంగా సరిపోయింది. ఇరవై ఏడో గేటు మాత్రం నేను కల్పించలేదు, ఒట్టు.