పాట మధ్యలో దగ్గు

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వైపు నాలుగు కిలోమీటర్లు వస్తే, రోడ్డు వంపు తిరిగే చోట ఒక పెంకుటిల్లు ఉంది. రెండు గదులు, ముందు అరుగు, అరుగు పగుల్లో మొలిచిన తుమ్మ మొక్క. కరెంటు మీటరు ఎప్పుడో విప్పుకుపోయారు. ఇరవై ఏడేళ్లుగా ఆ ఇంట్లోకి ఎవరూ కిరాయికి దిగలేదు.

పొద్దుగూకాక ఆ ఇంట్లోంచి పాట వినిపిస్తుందంటారు.

ఏడుపు కాదు, గజ్జెల చప్పుడు కాదు— పాట. ఎప్పుడూ ఒకటే పాట. వాన కోసం మబ్బును పేరు పెట్టి పిలిచే పాట; ఒక ఆడగొంతు, వెనక డప్పు. నాలుగు నిమిషాలు వచ్చి ఆగిపోతుంది.

పాలు పోసే గౌరవ్వ తన మొదటి మనవడు పుట్టిన రాత్రి విన్నది. ఆ మనవడి డిగ్రీ కూడా అయిపోయింది. ఆమె తర్వాత విన్నవాళ్లు పది పదిహేను మంది ఉంటారు. నెలకోసారి, ఆరు నెలలకోసారి, ఫలానా రోజంటూ లేకుండా వినిపించేది. రెండేళ్ల నుంచి మాత్రం ప్రతి గురువారం, అక్కడి మాటలో బేస్తవారం, వినిపిస్తోంది. దెయ్యానికి డ్యూటీ పడిందని ఆటోవాళ్ల హాస్యం.

హాస్యమాడినా, ఆ వంపు రాగానే ప్రతి డ్రైవరూ తన బండిలో పాట పెద్దగా పెట్టుకుంటాడు. తన పాట మోగుతుంటే ఆ పాట వినపడదు. అదొక్కటే అక్కడివాళ్లకు తెలిసిన మంత్రం.

ఆ బేస్తవారం రాత్రి ఎనిమిదికి ఏసయ్య ఆటో ఎల్లారెడ్డిలో బయల్దేరింది. ఎక్కింది ఒక్కడే. పేరు చక్రధర్, ముప్పై ఆరేళ్లు, దుబాయిలో పని, రెండు నెలల సెలవు మీద వచ్చాడు. శనివారం విమానం. ఎల్లారెడ్డి రైస్‌మిల్లులో రాత్రి కాపలా ఉండే తండ్రి లక్ష్మణ్‌కు చెప్పి పోదామని వస్తే, బేస్తవారం ఆయనకు సెలవన్నారు. గదికి తాళం. ఫోన్ బంద్. లింగంపేట దాకా ఆటోలో పోయి, అక్కడ కామారెడ్డి బస్సు పట్టుకోవాలి.

తండ్రి కనపడలేదని అతనికి బాధేమీ కలగలేదు. కలిసినా ఏం మాట్లాడాలో ముందే అనుకొని రావాల్సి వచ్చేది.

ఊరు దాటగానే ఏసయ్య స్పీకరుకు ఫోన్ తగిలించాడు. ఫోన్ రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది.

“అరె... ఇయ్యాల్నే సావాల్నా ఇది! అన్నా, నీ ఫోన్ల ఏదన్న పాట పెట్టు జర. జోరుగ పెట్టు.”

“ఎందుకు తమ్మీ?”

“ముంగట వంపున్నది. నువ్వు ఈడోనివి కాదా?”

“కాదు,” అన్నాడు చక్రధర్.

ఏసయ్య పిట్లం నుంచి వచ్చి ఐదేళ్లే అయింది. కథ మాత్రం ఇక్కడే పుట్టినవాడిలా చెప్పాడు. ఎవరో ఒకామె, బీడీలు చేసేదట. మొగడు దుబాయిల ఉండెనట. ఒక రాత్రి కడుపునొప్పి లేచిందట. తెల్లారేసరికి పోయిందట. అప్పటిసంది పాట.

“పేరేంది ఆమెది?”

“దెయ్యానికి పేరేడుంటదన్నా!” ఏసయ్య నవ్వి, వెంటనే గొంతు తగ్గించాడు. “ఇంకో మాట... పాట నడుమల ఒక పోరడు దగ్గుతడట. ఒక్కసారే. గౌరవ్వ ఒట్టు పెట్టి చెప్తది.”

చక్రధర్ ముందుకు వంగి డ్రైవరు సీటు పట్టుకున్నాడు.

“ఆడ ఆపు తమ్మీ,” అన్నాడు.

“ఏంది?”

“ఆ ఇంటి ముంగట ఆపు.”

* * *

ఆ ఇంట్లో పాట వస్తుందని అతను చిన్నప్పటి నుంచీ వింటున్నాడు. దగ్గు సంగతి మాత్రం ఇప్పుడే విన్నాడు. ఆ దగ్గు తనది.

అతనికి తొమ్మిదేళ్లప్పుడు ఆ రెండు గదుల్లో అతనూ, అతను అవ్వ అని పిలిచే తల్లి గంగాబాయీ ఉండేవాళ్లు. బాపు దుబాయిలో. ఆ రోజుల్లో ఇక్కడి నుంచి దుబాయికి ఉత్తరాలకన్నా క్యాసెట్లు ఎక్కువ పోయేవి. రాయడం రాని అవ్వలు తలుపు దగ్గరికేసుకొని, టేప్‌రికార్డర్‌కు దగ్గరగా కూర్చొని, చెప్పాల్సింది చెప్పేవాళ్లు. పోయేవాళ్ల చేతికిస్తే పది రోజులకు అందేది. కొత్త క్యాసెట్ ఎవరు కొంటారు? ఇంట్లో ఉన్న పాటల క్యాసెట్ మీదే మాటలు నింపేవాళ్లు. పాటల క్యాసెట్లకు వెన్ను మీద చిన్న గుంట ఉంటుంది. అది ఉంటే దాని మీద ఇంకేమీ రికార్డు కాదు. అందరూ అందులో కాగితం ఉండ కుక్కేవాళ్లు. గంగాబాయి తునికాకు ముక్క మడిచి కుక్కేది. బీడీలు చేసే ఇంట్లో కాగితం కన్నా ఆకు దగ్గరగా ఉంటుంది.

అట్లా పాటలు ఒక్కొక్కటే దుబాయికి పోయాయి. పోయినవాటికి చక్రధర్ ఏడవలేదు. మబ్బు పాట ఒక్కటి మిగిలితే చాలనుకున్నాడు. స్కూలుకు పోయేముందు అది, వచ్చాక అది. ఒక సాయంత్రం వచ్చి పెడితే— పాట లేదు. మొదట్లోనే అవ్వ గొంతు, “ఇనవడ్తుందా...” అని.

ఆ తర్వాత ఏముందో అతను వినలేదు. ఆపేశాడు.

అవ్వ బీడీలు అప్పజెప్పడానికి కంపెనీకి పోయింది. ఇంటెనక శాంతవ్వ ఇంట్లో అదే పాట క్యాసెట్ ఉంది. టేపు ఎత్తుకొని పోయాడు. రెండు టేపులు ఎదురెదురుగా పెట్టి, వాళ్లది మోగిస్తూ తమ దాంట్లో ఎర్ర బటన్, పక్క బటన్ కలిపి నొక్కాడు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. పాట సగంలో ఒక్క దగ్గు ఆపుకోలేకపోయాడు.

అవ్వ మాటల మీద పాట పూర్తిగా ఎక్కింది. పొద్దున్నే పిట్లం నుంచి ఒకాయన వచ్చి క్యాసెట్ తీసుకొని దుబాయి పోయాడు. అది పోతుందని అతనికి అప్పుడే తెలిసింది.

ఎనిమిదో రోజు, బేస్తవారం రాత్రి, గంగాబాయి చనిపోయింది. నొప్పి చాలా రోజుల నుంచే ఉండి ఉంటుందని డాక్టరు అన్నాడు.

ఆ మాటల్లో నొప్పి సంగతి చెప్పిందా? రమ్మని చెప్పిందా? బాపు పదకొండో రోజుకు వచ్చాడు, ఇతన్ని చుట్టాలింట్లో ఉంచి మళ్లీ పోయాడు. ఇతనికి ఇరవై రాగానే ఇతనూ పోయాడు. ఒకరు దిగితే ఒకరు ఎక్కేవారు. తండ్రి అడగలేదు, కొడుకు చెప్పలేదు. ఇరవై ఏడేళ్లు ఆ ప్రశ్న అతనిలో ఒక పక్కన ఉండిపోయింది. దాని చుట్టూ ఇంకేమీ మొలవలేదు.

* * *

ఆటో ఆగింది. ఏసయ్య ఇంజన్ ఆపలేదు.

“ఆపు తమ్మీ. ఇననియ్.”

ఇంజన్ ఆగింది. కప్పల చప్పుడు. దూరంగా ఒక మోటారు. ఆ తర్వాత—

డప్పు.

సన్నగా, తలుపు వెనక నుంచి... ఆడగొంతు మబ్బును పిలుస్తోంది.

“ఓ యేసయ్యా...” అన్నాడు ఏసయ్య. తనను కాదు, దేవుణ్ణి.

చక్రధర్ అరుగు దాకా నడిచాడు. భయం వేస్తుందేమోనని చూసుకున్నాడు, వేయలేదు. మొదటి చరణం అయింది. రెండోది మొదలైంది. ఎక్కడ వస్తుందో అతనికి తెలుసు. మనసులో లెక్కపెట్టాడు... మూడు... రెండు...

దగ్గు. చిన్న పిల్లవాడి దగ్గు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు.

తలుపుకు తాళం లేదు. తోశాడు.

గోడకు ఆనుకొని ఒక ముసలాయన కూర్చున్నాడు. పక్కన వెలుగుతున్న టార్చి. ఒళ్లో టేప్‌రికార్డర్.

“బాపూ.”

లక్ష్మణ్ తలెత్తి చూశాడు. ఆశ్చర్యపోలేదు.

“కూసో. అయిపోతది.”

చక్రధర్ కూర్చున్నాడు. పాట చివరిదాకా విన్నారు. డప్పు ఆగింది. ఆపుదామని చక్రధర్ చెయ్యి చాచాడు.

“ఉండు,” అన్నాడు తండ్రి. “ఇంకున్నది.”

ఖాళీ టేపు గరగర. ఆ తర్వాత అవ్వ గొంతు, మెల్లగా, పక్కన నిద్రపోతున్నవాళ్లు లేవకూడదన్నట్టు.

“ఇనవడ్తుందా... చక్రిగాడు నా మాటల మీద పాట నింపిండు. నాకెరుక లేదనుకుంటున్నడు. పిల్లగాన్ని ఏమనకుండ్రి. చెప్పింది మల్ల చెప్పబుద్ధి అయితలేదు. పాటనే ఇనుండ్రి. మంచిగ తినుండ్రి... ఇగ ఆపుతున్న.”

టక్కుమని బటన్ చప్పుడు.

అంటే ఆమెకు తెలుసు. మళ్లీ చెప్పడానికి రాత్రంతా ఉంది. చెప్పలేదు.

చక్రధర్‌కు ఏదో ఒకటి అనాలనిపించింది.

“బ్యాటరీలు ఎన్ని పడతయి బాపు?”

“ఆరు.”

లక్ష్మణ్ టేపును ఒళ్లోంచి తీసి కింద పెట్టాడు.

“నువ్వు గట్ల చేసినవని నాకు అప్పటిసంది ఎరుకనే. అడిగితే ఏడుస్తవని అడగలే. క్యాసెట్ ఆడ్నే, నా సందుగు పెట్టెలనే ఉండె. రెండేండ్ల కింద తెచ్చిన.”

“ఈడికెందుకు తెచ్చినవ్?”

“ఈడ పాటొస్తదని లోకమంత చెప్పిరి. ఇల్లుగలాయన దగ్గర తాళంచెవి అడుక్కొని, ఒక నెల రోజులు కూసున్న. అందరికి ఇనవడ్డది, నాకు ఇనవడలే. ఇగ నేనే పెట్టవడ్తి. ఆమె ఒచ్చేదుంటే, గుర్తువట్టనీ అని.”

చక్రధర్ క్యాసెట్ తీసి టార్చి వెలుగులో చూశాడు. వెన్ను మీది గుంటలో తునికాకు ముక్క అట్లాగే ఉంది. నల్లబడి, గట్టిపడి.

“పా, బస్సు పోతది,” అన్నాడు తండ్రి.

* * *

లక్ష్మణ్ టేపులోంచి ఆరు బ్యాటరీలూ తీసి జేబులో వేసుకున్నాడు. వాడనప్పుడు లోపల ఉంచితే కారిపోతాయి. తలుపేసి తాళం పెట్టాడు. టేపు చంకలో పెట్టుకొని రోడ్డు మీదికి వచ్చాడు.

ఆటో వెనక నుంచి ఏసయ్య బయటికి వచ్చాడు. టార్చి వెలుగులో మొహం చూసి, నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

“మిల్లు తాతా! నువ్వా! మా పానాలు తీసుకుంటివి గదనే! ఇన్నేండ్లసంది దెయ్యం దెయ్యమని సస్తుంటే— నీ టేపా గది!”

“ఇన్నేండ్లసంది గాదు బిడ్డా. రెండేండ్లసంది.”

“మరి అంతకు ముందుగాల?”

లక్ష్మణ్ టేపును చంకలో సర్దుకున్నాడు.

ఏసయ్య నవ్వు సగం మొహం మీదే మిగిలింది. గౌరవ్వ మనవడి వయసు అతనికీ తెలుసు.

“ఆమె పేరు గంగాబాయి,” అన్నాడు చక్రధర్. “దెయ్యానికి పేరేడుంటదంటివి గద. మా అవ్వ.”

“తప్పయిందన్నా... నాకెరుక లేదు.”

“ఏం గాదు. బండి తియ్.”

ఏసయ్య స్టార్టర్ మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అట్లాగే ఆగింది.

డప్పు.

తాళం వేసిన తలుపు వెనక నుంచి... ఆడగొంతు మబ్బును పిలుస్తోంది.

“తాతా,” ఏసయ్య గొంతు గుసగుసలా వచ్చింది. “టేపు నీ సంకలనే ఉన్నది గద.”

లక్ష్మణ్ టేపు వైపు చూసుకున్నాడు. జేబు తడిమి చూసుకున్నాడు. బ్యాటరీలు ఆరూ ఉన్నాయి. తర్వాత ఇంటి వైపు తిరిగి, తలకట్టు విప్పి చేత్తో పట్టుకొని నిలబడ్డాడు.

మొదటి చరణం అయింది. ఎవరూ కదలలేదు. రెండోది మొదలైంది. చక్రధర్ పెదవులు వాటంతటవే లెక్కపెడుతున్నాయి... మూడు... రెండు... ఒకటి—

దగ్గు రాలేదు.

ఆ చోటికి వచ్చి పాట ఆగింది. గరగర. ఆ గరగరలోంచి, మెల్లగా—

“ఇనవడ్తుందా...”

అంతవరకే రోడ్డు మీదికి తెలిసింది. గొంతు ఆగలేదు, చెప్తూనే ఉంది, తలుపు దగ్గరికేసుకొని చెప్పే మాటలా, తక్కువ గొంతులో, తీరిగ్గా. ఆ రోజు తను వినకుండా ఆపేసిన మాటలు మాత్రం ఇక్కడికి అందడం లేదు.

చక్రధర్ తండ్రి వైపు చెయ్యి చాచాడు.

“తాళంచెవి ఇయ్యి బాపు.”