వాసన తెలియని ఇల్లు

స్నానాల గది నుంచి బయటికి వచ్చిన కోడలు తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుంటూ గోడ పట్టుకుని ఆగిపోయింది. వంటగదిలో కాఫీ కలుపుతున్న అత్తగారు వెనుదిరిగి చూశారు.

“మళ్ళీ వికారమా తల్లీ?”

“వికారం కాదత్తయ్యా, నీళ్ళే. వేడినీళ్ళు వదలగానే పెట్రోలు వాసన గుప్పుమంటోంది.”

“అయిదో నెల వచ్చినా నీ వేవిళ్ళు వదల్లేదే! మొన్న సబ్బు కంపన్నావు, నిన్న మీ ఆయన చొక్కా కంపన్నావు.”

“చొక్కా సంగతి మాత్రం వేవిళ్ళు కాదత్తయ్యా!”

ఇద్దరూ నవ్వుకున్నారు. అత్తగారు ఒక పెద్ద గ్లాసు నిండా నీళ్ళు ముంచి ఆమె చేతిలో పెట్టారు. “నీళ్ళు బాగా తాగాలన్నారుగా డాక్టరమ్మ. కానివ్వు.” కోడలు ముక్కు మూసుకుని, కళ్ళు మూసుకుని తాగింది.

ఆ ఇంటి ప్రహరీకి అవతల ఒకప్పుడు మామగారి పెట్రోలు బంకు ఉండేది. బంకు మూతపడి, భూమిలోని ట్యాంకులను పెకలించి తీసినప్పుడు, వాటిలో ఒకటి అడుగున తుప్పుపట్టి కారినట్లు బయటపడింది. ఎంత కారిందో, ఎంత దూరం పాకిందో చెప్పగలవారు లేరు. అప్పటి నుంచి ఆ ఖాళీ స్థలంలో, నేల వాలుకు దిగువగా పరీక్ష బోర్లు వేయించి, భూగర్భజలాన్ని క్రమం తప్పకుండా పరిశీలిస్తున్నారు. ఆ పని చేపట్టిన సంస్థలో మామగారి కూతురే ఉద్యోగిని. ఇంతవరకు వచ్చిన ఫలితాలన్నీ శుభ్రంగానే ఉన్నాయి.

ఆ ఉదయం ఆమె పనిమీదనే వచ్చింది. బోరులో నిలవ ఉన్న నీటిని ముందు తోడి పారబోసి, కొత్తగా ఊరిన నీటిని చిన్న సీసాలలో గాలిబుడగ మిగలకుండా నింపుతోంది. సీసాను ముక్కు దగ్గరికి చేర్చిన సహోద్యోగులను నిర్దాక్షిణ్యంగా మందలించే మనిషి ఆమె. వాసన చూడటం పరీక్ష కాదని, ప్రయోగశాలే చెప్పాలని ఆమె వాదం.

కోడలు అదే గ్లాసును మళ్ళీ నింపుకుని గేటు దాటి వెళ్ళింది. “వదినా, ఒక్కసారి ఈ నీళ్ళు చూడండి.”

ఎదుట ఉన్నది తన పుట్టింటి గ్లాసు కావడం వల్లనో ఏమో, తన నియమం తానే మరచి ఆమె గ్లాసును వాసన చూసింది. “ఏమీ లేదే! మన ఇంటి బోరు ఎగువన ఉంది. చెడు నీరు పల్లానికి పోతుంది కానీ పైకెలా ఎక్కుతుంది?”

ప్రహరీకి ఇవతల మొక్కలకు గొట్టంతో నీళ్ళు పెడుతున్న మామగారు గట్టిగా నవ్వారు. ఆయన తోట కోసం ఆ ఎండాకాలమంతా మోటారు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. “జీవితమంతా పెట్రోలు అమ్మిన ముక్కమ్మా ఇది! నాకు తెలియకుండా నా ఇంట్లోకి వస్తుందా పెట్రోలు?”

“నా తృప్తి కోసం ఒక్క సీసా పట్టండి వదినా.”

“నా ఇంటి నీళ్ళకు పరీక్షా?” అని మామగారు ముఖం ముడుచుకున్నారు. కూతురు మాత్రం “గర్భిణి కోరిక నాన్నా, తీర్చకపోతే ఎలా?” అని నవ్వుతూనే ఒక సీసా నింపుకుని వెళ్ళింది.

వారం తిరగకుండానే ఆమె పిలవకుండా వచ్చింది. చెప్పులు విప్పడం కూడా మరచి నేరుగా పెరట్లోకి నడిచింది.

“నాన్నా, మోటారు ఆపండి.”

“మొక్కలకు సగమే పెట్టానే…”

“ఆపండి నాన్నా! మన బోరులో బెంజీన్ ఉంది, పెట్రోలులో ఉండే విషం. తాగకూడని మోతాదు కంటే ఎన్నో రెట్లు.”

తలుపు దగ్గర నిలబడిన కోడలి చేయి అప్రయత్నంగా పొట్ట మీదికి వెళ్ళింది.

“పరీక్ష తప్పయి ఉంటుంది,” అన్నారు మామగారు. “ఎగువకు ఎక్కదని నువ్వే చెప్పావు.”

“తోడనంతకాలం ఎక్కదు. వానల్లేవు, మీరు రోజంతా తోడేశారు. నేలలో ఉన్నదాన్ని మనమే మనవైపు లాక్కున్నాం.”

“నేను కట్టించిన ఇల్లు, నేను వేయించిన బోరు!” ఆయన కుళాయి కింద గ్లాసు పెట్టి నింపారు. “ఇదిగో, అందరి ముందూ తాగుతున్నాను. నాకేమవుతుందో చూడండి.”

గ్లాసు పెదవులను తాకేలోగా కోడలు విసురుగా వచ్చి దానిని కొట్టేసింది. గాజు పెంకులు బండల మీద చెల్లాచెదురయ్యాయి. ఆ ఇంట్లో ఆమె గొంతు పెంచడం అదే మొదటిసారి.

“చాలు మామయ్యా! నా కడుపులోది తాగిందే చాలు. మీరూ తాగి ఎవరి మీద గెలుస్తారు?”

అత్తగారు మెట్ల మీద కూలబడిపోయారు. “నా చేతులతో నేనే పోశాను. తాగు తాగు అని వెంటపడి మరీ…”

“నువ్వే కాదమ్మా,” అంది కూతురు, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. “నేనూ వాసన చూసి ఏమీ లేదన్నాను. ఏళ్ళ తరబడి ఆ వాసనలోనే బతికాం. మనకు అది గాలితో సమానమైపోయింది. ఇంట్లో దాన్ని పట్టగలిగింది బయటి నుంచి వచ్చిన ఈ పిల్ల ఒక్కతే. దాన్నేమో వేవిళ్ళన్నాం.”

మామగారు తానే వెళ్ళి మోటారు ఆపారు. అంతవరకు ఎవరి చెవికీ ఆనని ఆ మోత ఆగిపోయేసరికి ఇల్లు భయంకరంగా నిశ్శబ్దమయింది.

ఆఫీసు నుంచి పరుగున వచ్చిన కొడుకు అందరినీ ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. స్కానింగ్ గది బయట మామగారు కూర్చోలేకపోయారు. తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతూ, నడవాలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూ ఉన్నారు.

డాక్టరమ్మ వచ్చి మెల్లగా చెప్పింది. గుండె చక్కగా కొట్టుకుంటోంది, ఎదుగుదల కూడా సరిగానే ఉంది. అయితే అన్నీ ఇప్పుడే చెప్పలేం, కాన్పు వరకు జాగ్రత్తగా చూస్తూ ఉండాలి. ఆ ఇంటి నీళ్ళు మాత్రం ముట్టుకోవద్దు, స్నానానికి కూడా.

కోడలు బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. “దాహంగా ఉంది,” అంది.

మామగారు పరుగులాంటి నడకతో పోయి మూత తీయని నీళ్ళ సీసా కొనుక్కొచ్చారు. మూత ఆయనకు లొంగలేదు. కోడలే అందుకుని తీసి, ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక గుటక వేసింది. ఆ గుటక ఆమె గొంతులోంచి దిగేవరకు ఆయన ఊపిరి బిగబట్టి చూశారు.

“బాగానే ఉన్నాయా అమ్మా?” అన్నారు. ఒకరి అభిప్రాయం అడిగి తెలుసుకునే అలవాటు లేని మనిషి ఆయన.

“బాగానే ఉన్నాయి మామయ్యా. పొద్దుటి నుంచి మీరూ ఏమీ తాగలేదు. తీసుకోండి.”

ఆయన సీసా అందుకున్నారు కానీ తాగలేకపోయారు. ఆమె పక్కన కూర్చుని, ముఖం రెండు చేతులతో కప్పుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. కోడలు ఆయన భుజం మీద చేయి వేసి, తన భయాన్ని గొంతులోకి రానివ్వకుండా చెప్పింది.

“తాగండి మామయ్యా. నేను చూశానుగా.”

అప్పుడు తాగారాయన.