ముప్పై ఒకటో రోజు

మొదటి రోజే ఇద్దరికీ పడలేదు. హైదరాబాద్ శివారులోని ఫ్లయింగ్ క్లబ్బులో కృపాకర్ ఇన్‌స్ట్రక్టర్, రచన కొత్త స్టూడెంట్. ఆమె ఇంజన్ వేగం పెంచే థ్రాటిల్ మీద చెయ్యి వేసిందో లేదో, "చెక్‌లిస్ట్ చదివినవా?" అని గద్దించాడు.

"జనగామల మా బాపు బట్టల దుకాణానికి గూడ గిన్ని సార్లు తాళం గుంజి చూడడు సార్."

కృపాకర్‌కు నవ్వొచ్చింది. మొగుళ్లపల్లి నుంచి వచ్చిన అతనితో ఆ క్లబ్బులో తన యాసలో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

ఆరు నెలలు పక్క సీట్లో కూర్చొని నేర్పాడు. తీరా సోలోకి అనుమతి రాసి సంతకం పెట్టాక చట్టం అతన్నే కిందికి దింపేసింది. స్టూడెంట్ పైలట్ ఒంటరిగానే ఎగరాలి, ఎవరినీ ఎక్కించుకోకూడదు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని రోజూ ఆ చిన్న విమానాన్ని చూస్తూ నిలబడేవాడు. అంతమంది మధ్య అంత ఒంటరితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలియలేదు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, ఇంటికి వెళ్ళిన రచన జనగామలోనే ఉండిపోయింది. ముప్పై రోజులు ఎగరకపోతే సోలో అనుమతి చెల్లదని, ఇన్‌స్ట్రక్టర్ మళ్ళీ పక్కన కూర్చొని పరీక్షించాలని రూలు. ఇరవై తొమ్మిదో రోజు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ముప్పయ్యో రోజూ రాలేదు. ఇక మానేసిందేమో అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బండి మీద జనగామ చేరాడు. అక్కడ వంటావార్పు నడుస్తోంది. సమ్మె జనమంతా నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి, వండుకొని అక్కడే తింటున్నారు. పప్పు గుండిగ దగ్గర గరిటెతో రచన కనిపించింది.

"నిన్నటితోని ముప్పై రోజులైనయి. ఎరికేనా?"

"ఎరికే సార్. మొన్న మా మామ కారు పట్నం పోయింది. అండ్ల జాగ గూడ ఉండె."

"మరి ఫోనెందుకు ఎత్తలె?"

"ఎత్తితే రమ్మంటరు. నేను వచ్చేస్తుంటి."

"వస్తే ఏమాయె? గిప్పుడు మళ్ల నేను పక్కన కూసోవాలె."

"అందుకే రాలె."

రచన పప్పు మీంచి తల ఎత్తలేదు. "పైకి పోయినంక పక్క సీటు ఖాళీగ కనవడ్తది సార్. తిట్టేటోళ్లు ఉండరు. భయం గాదు, ఏందో మనసున పట్టది."

తనొక్కడికే అనుకున్న బాధ ఆమెకూ ఉందని అతనికి అప్పుడు తెలిసింది.

"పరీక్షల మంచిగ ఎగిరితే పాస్ చెయ్యక తప్పదు. మళ్ల ఒక్కదానివే పోవాలె," అన్నాడు.

"లైసెన్స్ వచ్చేదాకనే గద. వచ్చినంక ప్యాసింజర్‌ను ఎక్కించుకోవచ్చు. మొదటి ప్యాసింజర్ మీరే. వస్తరా?"

"వస్త. కానీ చెక్‌లిస్ట్ చదవాలె."

అవతలి వరసలో కూర్చున్న ఆమె తండ్రి రామ్మోహన్ కేకేశాడు. "ఎవరు బిడ్డా?"

"మా సార్, బాపు."

"మరి నిలవెట్టి మాట్లాడ్తున్నవేంది? కూసోవెట్టు."

రచన గరిటె దించి, తన విస్తరాకు పక్కన ఇంకో విస్తరాకు వేసింది. కృపాకర్ వచ్చి అక్కడ కూర్చున్నాడు.